బిళ్ళలు తగ్గిన ఆటగాడు, పెట్టుబడి తరిగిన రైతు

పేకాట ఆరోగ్యానికి చేటు అని మరొకసారి చెప్పడానికి ఈ వ్యాసం వ్రాయడం లేదు. ఆ మాట వినేవారు ఎప్పుడో విన్నారు, ఆడేవారు ఆడుతూనే ఉన్నారు. నేను చెప్పదలచినది ఒకే ఒక్క పరిస్థితిని గురించి. చేతిలో ఉన్నది తగ్గిపోయి, గడచిన ప్రతి రోజూ ఇంకొంత తరిగిపోతూ, ‘ఉన్నదంతా ఒక్కసారి పెట్టేస్తే తప్ప బయటపడలేము’ అని మనసు పోరుపెట్టే స్థితి అది. పోకర్ ఆడేవారు దానిని ‘షార్ట్ స్టాక్’ అంటారు. దానికి వారి దగ్గర లెక్కలున్నాయి, పట్టికలున్నాయి, పుస్తకాలున్నాయి. గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప వేసే కుటుంబాలకు పేరు తెలియకపోయినా ఆ స్థితి బాగా తెలుసు. వారి దగ్గర లెక్క లేదు, పట్టిక లేదు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని మిమ్మల్ని కోరుతున్నాను.

ముందు ఆట సంగతి. మన పదమూడు ముక్కల ఆట తెలిసినంతగా ఇది తెలియనివారు చాలామంది ఉంటారు. ‘నో లిమిట్ హోల్డెమ్’లో ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్య ఐదు ముక్కలు విడతలవారీగా తెరుస్తారు. అవి అందరికీ ఉమ్మడి. ఈ ఏడింటిలో మేలైన ఐదు ముక్కల కూర్పు ఎవరికి కుదిరితే పందెం సొమ్ము వారిది. హద్దు లేదు గనుక తన ముందున్న బిళ్ళలన్నిటినీ ఏ క్షణంలోనైనా మధ్యకు నెట్టవచ్చు. టోర్నమెంటులో ప్రవేశ రుసుము ముందే కట్టించుకొని అందరికీ సమానంగా బిళ్ళలిస్తారు. అవి అయిపోయినవాడు లేచిపోవలసిందే.

ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆట కదలడానికి ప్రతి పంపకంలోనూ ఇద్దరు తమ ముక్కలు చూడకముందే కొంత కట్టి తీరాలి. వాటిని చిన్న బ్లైండు, పెద్ద బ్లైండు అంటారు. దానిపైన ‘యాంటీ’ అనే మరొక వడ్డింపు. గడియారం ప్రకారం ఇవి పెరుగుతూ పోతాయి. ఒకడు 10,000 బిళ్ళలతో కూర్చున్నాడనుకోండి. పెద్ద బ్లైండు 100గా ఉన్నప్పుడు అతని దగ్గర వంద బ్లైండ్ల ఆస్తి ఉన్నట్లు లెక్క. కొన్ని గంటల తరువాత పెద్ద బ్లైండు 1,000 అవుతుంది. అప్పటికీ అతని ముందు అదే 10,000 ఉన్నా, అవి పది బ్లైండ్లే. ఒక్క పెద్ద పందెమూ ఓడిపోకుండానే బీదవాడైపోయాడు. చిన్న బ్లైండు 500, పెద్దది 1,000, యాంటీ 1,000 అనుకుంటే, బల్ల చుట్టూ ఒక విడత తిరిగి వచ్చేసరికి 2,500 కరిగిపోతుంది. నాలుగు విడతలు కాళ్ళు ముడుచుకొని కూర్చుంటే చాలు, పని ముగిసినట్లే. ఇలా ‘ఎన్ని విడతలు బతకగలను’ అని చూసుకునే లెక్కకు పాల్ మాగ్రియెల్ పేరిట ‘ఎం’ అని పేరు పెట్టారు. డాన్ హారింగ్టన్ తన పుస్తకాల ద్వారా దానిని లోకానికి పరిచయం చేశాడు.

ఇప్పుడు రెండెకరాల సొంత భూమికి మూడెకరాల కౌలు కలుపుకొని మిరప వేసే మనిషిని తలచుకోండి. అతని పొలం పెరగలేదు, తరగలేదు. విత్తనం ప్యాకెట్టు ధర, కోత కూలి, పురుగుమందు ఖరీదు, కౌలు మాత్రం ఏడాదికేడాది పైకి పోయాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చుకుంటే నెలకు నాలుగు వేలు, సంవత్సరానికి 48,000 రూపాయలు. ఇది అతడు ముక్కలు చూడకముందే కట్టవలసిన బ్లైండు. వాన పడినా పడకపోయినా, కాయ పండినా తాలుగా మారినా అది ఆగదు. వ్యసనం లేదు, దుబారా లేదు, అయినా ఒక నాటికి అతడు షార్ట్ స్టాక్ అయి కూర్చుంటాడు. దీనిని అతని చేతగానితనం అనేవారిని నేను చాలామందిని చూశాను. వారికి లెక్కలు రావని నా అభిప్రాయం.

పది బ్లైండ్లకు దిగిపోయిన ఆటగాడు ఏమి చేయాలి? నిపుణుల సమాధానం ఒక్కటే: నెట్టు, లేకపోతే వదులు. సగం సగం పనికిరాదు. రెండున్నర బ్లైండ్లు పెట్టి, ఎదుటివాడు ఎదురు తిరిగితే భయపడి ముక్కలు పడేస్తే, ఉన్నదానిలో పావు వంతు ఊరికే పోయినట్లు. అందుకని ముక్కలు ఒక మోస్తరుగా ఉన్నా మొత్తం నెట్టేస్తాడు. విన్నవారికి ఇది తెగింపులా కనిపిస్తుంది. కాని ఇది తెగింపు కాదు, కూడిక తీసివేత. అతడు నెట్టినప్పుడు గెలవడానికి రెండు దారులున్నాయి. ఎవరైనా ఎదురు పెడితే, ముక్కలు తెరచి గెలవవచ్చు. అసలు ఎవరూ ఎదురు పెట్టకపోవచ్చు కూడా. అప్పుడు ముక్కలు చూపించకుండానే బల్ల మీద ఉన్న రెండున్నర బ్లైండ్లు అతనివి. ఉన్నది పావు వంతు పెరిగింది. ఈ రెండవ దారి, అంటే ఎదుటివాడు వెనుకడుగు వేసే అవకాశం, షార్ట్ స్టాక్ ఆటకు ప్రాణం. రెండే బ్లైండ్లు మిగిలేదాకా కాలయాపన చేసినవాడికి ఆ దారి మూసుకుపోతుంది. అతని బెదిరింపుకు ఎవరూ బెదరరు. ఏ ముక్కలతోనైనా ఎదురు పెడతారు.

మన చర్చకు కీలకం ఇదే. మిరప తోట మీద వాలిన పురుగు వెనుకడుగు వేయదు. మీరు పొలం మీద ఎంత పెట్టారో దానికి తెలియదు, తెలిసినా బెదరదు. 2021-22 పంట కాలంలో నల్ల తామర పురుగు గుంటూరు ప్రాంతపు మిరప తోటలను ఎలా ఊడ్చిందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మన దేశంలో 2015లో బెంగళూరులో బొప్పాయి మీద మొదటిసారి గుర్తించిన విదేశీ పురుగు అది. పూతలో చేరి పూతనే తినేసింది. మందు మీద మందు కొట్టారు. ‘ఇంకొక్క మందు కొడితే నిలబడుతుంది’ అన్న ఆశ మీద అప్పు మీద అప్పు తెచ్చారు. పోకర్ బల్ల మీదనైతే పెద్ద పందెం చూసి ఎదుటి మనిషి ఆలోచిస్తాడు. తోటలో ఆలోచించేవాడు రైతు ఒక్కడే. ధర సంగతీ అంతే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు దించిన నాడు ఎంత పలుకుతుందో దానిని రైతు అప్పు నిర్ణయించదు. 2025 ఆరంభంలో ధరలు పడిపోయినప్పుడు కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించవలసి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు అదే యార్డులో అంతకు చాలా పైన అమ్ముకున్నవారు, ఆ ధరను నమ్ముకొని కౌలు పెంచినవారు ఉన్నారు.

మిరప సాగు జూదమైపోయిందని పత్రికలు వ్రాస్తుంటాయి. నన్నడిగితే ఆ పోలిక జూదానికే అన్యాయం. టోర్నమెంటులో నష్టానికి హద్దున్నది: ప్రవేశ రుసుము పోతుంది, అంతే. బల్ల మీది బిళ్ళలు డబ్బు కావు. ఓడినవాడు టీ త్రాగి ఇంటికి పోతాడు, వచ్చే నెల మరొక పోటీ ఉంటుంది. అందుకే అక్కడ ‘ఉన్నదంతా నెట్టు’ అనే సూత్రం మంచి సూత్రం. నష్టానికి హద్దు లేని చోట, ఎదుటివాడు వెనుకకు తగ్గని చోట, మరుసటి ఆట ఉంటుందో లేదో తెలియని చోట అదే సూత్రం విషం. మందు ఒకటే అయినా మోతాదు, రోగి మారితే ఫలితం మారినట్లు.

ఆ ఆటగాళ్ళకే తెలిసిన మరొక లెక్క కూడా ఉన్నది. బహుమతులు పలువురికి పంచే పోటీలో, గెలుచుకునే బిళ్ళ విలువ కంటే పోగొట్టుకునే బిళ్ళ విలువ ఎక్కువ. రెట్టింపు బిళ్ళలు సంపాదించినంత మాత్రాన బహుమతిలో వాటా రెట్టింపు కాదు. ఉన్నవి పోతే మాత్రం వాటా సున్నా. ఐదెకరాల ఆసామి ఆరో ఎకరం కొన్నప్పటి సంతోషాన్ని, ఉన్న ఒక్క ఎకరం అమ్ముకున్నవాడి దుఃఖంతో తూచి చూడండి. ఈ లెక్క అప్పుడు ఎవరూ నేర్పనక్కరలేదు.

అయినా మనుష్యులు ఎందుకు నెట్టేస్తారు? ఇక్కడి నుండి విషయం నా వృత్తిలోకి వస్తుంది. 1979లో డేనియల్ కానమన్, ఏమస్ ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన సిద్ధాంతంలో ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. లాభం విషయంలో మనిషి జాగ్రత్తపరుడు. నష్టంలో కూరుకున్నప్పుడు మాత్రం సాహసి. 50,000 రూపాయలు ఖాయంగా పోతాయి అన్నదానికంటే, సగం అవకాశంతో లక్ష పోవచ్చు, సగం అవకాశంతో ఏమీ పోకపోవచ్చు అన్నదే అతనికి ముద్దు. ఖాయమైన చిన్న నష్టాన్ని ఒప్పుకోవడం మెదడుకు అంత బాధ. తోటను డిసెంబరులోనే వదులుకోవడం ఖాయమైన నష్టం. మరొక లక్ష పెట్టడం ఆశ.

లేమి కూడా ఆలోచనను ఇరుకు చేస్తుంది. 2013లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో తమిళనాడులోని 464 మంది చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు చేతికొచ్చాక ఒకసారి పరీక్షించారు. అదే మనిషి, అదే తెలివి. చేతిలో డబ్బు లేని రోజుల్లో పరీక్షలో వెనుకబడ్డాడు, ఉన్న రోజుల్లో మెరుగయ్యాడు. ఒక్క అధ్యయనంతో లోకమంతా తేలిపోదుగాని, నా ఔట్ పేషంటు గదిలో ఎన్నో ఏళ్ళు కూర్చున్న అనుభవం దానిని కాదనలేదు. పూత రాలిన నెలలో వచ్చే రైతుకు మందుల చీటీని రెండుసార్లు చదివి చెప్పవలసి వచ్చేది. అతడే యార్డు నుండి డబ్బు తీసుకున్న వారంలో వస్తే నన్నే ప్రశ్నలడిగేవాడు. దీనికి నిద్రలేమి తోడైతే చెప్పనక్కరలేదు. రాత్రంతా మేల్కొన్న మెదడు లాభాన్ని పెద్దదిగా, నష్టాన్ని చిన్నదిగా చూస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. మన ప్రాంతంలో పెద్ద అప్పు నిర్ణయాలు జరిగేది ఎప్పుడు? రాత్రి భోజనాలయ్యాక, అరుగు మీద.

పోకర్ లోకంలో ఒక కథను అందరూ చెబుతారు. 1982లో లాస్ వేగాస్ ప్రపంచ పోటీలో జాక్ స్ట్రాస్ అనే పొడగరి ఆటగాడు ఉన్నదంతా పోయిందనుకొని లేవబోతుంటే ఒకే ఒక్క బిళ్ళ మిగిలి కనిపించింది. దానితో మొదలుపెట్టి ఆ పోటీ మొత్తం గెలిచాడు. ‘ఒక బిళ్ళ, ఒక కుర్చీ ఉంటే చాలు’ అన్న నానుడి దానితోనే వ్యాపించింది. నిజంగా జరిగిన కథే. కాని ఒక్క బిళ్ళతో మిగిలి, తరువాతి పంపకంలో దానినీ పోగొట్టుకొని ఇంటికి పోయినవారి పేర్లు ఎవరూ వ్రాసి పెట్టలేదు. చేతిలో జత ఉండి, ఎదుటివాడి దగ్గర దానికంటే పెద్దవైన రెండు వేర్వేరు ముక్కలున్నప్పుడు గెలుపు అవకాశం సుమారు నూటికి 55. మూడుసార్లు వరుసగా అలాంటి మంచి చేతులే వచ్చినా మూడూ గెలవడం ఆరింటిలో ఒక్కసారి మాత్రమే. మన ఊళ్ళలోనూ ఒక స్ట్రాస్ ఉంటాడు: ఒకే ఏడాది మిరపతో అప్పులన్నీ తీర్చి డాబా కట్టినవాడు. ఆ డాబా ఊరి మధ్యలో అందరికీ కనిపిస్తుంది. ఊరు విడిచి వెళ్ళినవారి ఇళ్ళు కనిపించవు.

కనిపించని వారి చరిత్ర మన జిల్లాలది చాలా పాతది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తిని తెల్లదోమ మింగేసినప్పుడు జరిగిన రైతుల మరణాలు దేశం దృష్టికి వచ్చాయి. పదేళ్ళ తరువాత వరంగల్లులో అదే జరిగింది. అన్ని చోట్లా పంట పోవడం ఒక్కటే కారణం కాదు. ఒకే పంట మీద, అప్పుతో, మొత్తం నెట్టడం. ఎక్కడ ఆగాలో ముందే అనుకోకపోవడం కూడా కారణాలు. బ్యాంకులు కౌలుదారుకు అప్పివ్వకపోవడం, మందుల కొట్టువాడే సలహాదారు, అప్పులవాడు రెండూ కావడం — వీటిని సరిదిద్దవలసింది ప్రభుత్వాలు. ఆ బాధ్యతను రైతు నెత్తిన రుద్దడం నా ఉద్దేశం కాదు.

మన పదమూడు ముక్కల ఆటలో ఒక చక్కని ఏర్పాటున్నది. ముక్కలు చూడగానే డ్రాప్ అయితే 20 పాయింట్లు. కొంత ఆడి మధ్యలో వదిలితే 40. చివరిదాకా పట్టుకొని ఓడితే ఫుల్ కౌంట్, 80. అరుగు మీద ఆడే ప్రతివాడికీ ఇది తెలుసు, డ్రాప్ అయినవాడిని ఎవరూ పిరికివాడనరు. మరి నల్ల తామర వచ్చిన ఏడాది కొందరు రైతులు తోటను దున్నేసి మరొక పంట వేసుకున్నప్పుడు ఊరేమన్నది? ‘చేతులెత్తేశాడు’ అన్నది. నా దృష్టిలో ఆ ఏడాది ఆ ప్రాంతంలో అందరికంటే బాగా ఆడినవారు వారే. 40తో బయటపడ్డారు.

పొలంలో పోయినదానిని ఫోనులో రాబట్టుకోవాలనుకునేవారి గురించి కూడా చెప్పాలి. రమ్మీలో నైపుణ్యం పాలు ఎక్కువని సుప్రీంకోర్టు 1967లో మన రాష్ట్రపు కేసులోనే అన్నది. ఆ మాటను పట్టుకొని తరువాత యాప్‌లు వచ్చాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ తన 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీని, పోకర్‌ను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ కాదన్నది. చట్టం ఆటను ఆపగలదేమో గాని, పోయినదానిని వెంటాడే గుణాన్ని ఆపలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో జూద రుగ్మత వ్యసనాల సరసనే ఉన్నది. ఎంత పోయింది అన్నది దానికి కొలత కాదు. పోయినదానిని రాబట్టడానికే మళ్ళీ ఆడడం, ఇంట్లో అబద్ధం చెప్పడం, ఆపుదామనుకొని ఆపలేకపోవడం — ఇవి కొలతలు. దీనికి చికిత్స ఉన్నది. మానసిక వైద్యుని వద్దకు వెళ్ళడం సిగ్గుపడవలసిన విషయం కాదు. ప్రసంగవశాత్తూ ఒక మాట: వణుకు జబ్బు, అంటే పార్కిన్సన్స్‌కు వాడే ప్రామిపెక్సోల్, రోపినిరోల్ వంటి మందులు కొందరిలో జూదపు కోరికను రేపుతాయి. ఎన్నడూ ముక్క ముట్టని పెద్దాయన ఉన్నట్లుండి పందేలకు దిగితే తిట్టకండి, మందు వ్రాసిన వైద్యుడికి చెప్పండి. మందు మీ అంతట మీరు ఆపకండి.

ఇక షార్ట్ స్టాక్ ఆటగాడి నుండి మీరు నిజంగా అరువు తెచ్చుకోదగినది అతని తెగింపు కాదు, అతని పట్టిక. ఏ స్థితిలో ఏ ముక్కలతో నెట్టాలి, వేటిని వదలాలి అన్నది అతడు ఇంట్లో, తీరికగా, నిద్రపోయి లేచిన బుద్ధితో ముందే నిర్ణయించుకుంటాడు. బల్ల దగ్గర భయం వేసినప్పుడు కొత్తగా ఆలోచించడు. మీరూ ఉగాదికి కౌలు మాట్లాడుకునే ముందే ఒక కాగితం తీసుకోండి. ఇంట్లో ఉన్న నగదును, నెలకు తప్పనిసరిగా కట్టవలసిన వడ్డీ, బడి రుసుము, తిండి, మందుల ఖర్చుల మొత్తంతో భాగించండి. వచ్చిన అంకె మీరు ఎన్ని నెలలు నిలబడగలరో చెబుతుంది. ఆ అంకె రెండు, మూడుకు దిగేదాకా ఆగకండి. పన్నెండు ఉన్నప్పుడు కౌలు ఎకరాలు తగ్గించుకోవడం, ఒక చెక్క జొన్నకో మినుముకో వదలడం, అప్పులవాడితో గడువు మాట్లాడడం అన్నీ వీలవుతాయి. రెండు మిగిలినప్పుడు మీ మాటకు ఎవరూ తలవంచరు. ఎకరానికి ఎంతవరకు పెట్టాలి, ఏ తేదీ నాటికి పూత నిలవకపోతే తోట వదలాలి అన్న రెండు అంకెలు కూడా అదే కాగితం మీద వ్రాయండి. పురుగు ఏదో, దానికి మందు ఉన్నదో లేదో లాం ఫారం శాస్త్రవేత్తలనడగండి, కొట్టువాడిని కాదు. ఆ కాగితాన్ని మీ ఇల్లాలి చేతికివ్వండి. హద్దు దాటే రోజున ఆమె సంతకం కూడా కావాలని పెట్టుకుంటే మరీ మంచిది. కూలి లెక్కలు, పాల లెక్కలు చూసే మనిషికి ఈ లెక్క కష్టం కాదు.

ఇంట్లో అటువంటి రోజులు నడుస్తున్నప్పుడు కుటుంబ సభ్యులు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. ఇంటి యజమాని నిద్ర తగ్గినా, అన్నం తగ్గినా, ‘నేను లేకపోతే మీరు బాగుంటారు’ వంటి మాట ఒక్కటి నోట వచ్చినా తేలికగా తీసుకోకండి. అటువంటి ఆలోచన వస్తున్నదా అని సూటిగా అడగండి. అడిగినందువలన ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాలను ఇంట్లో ఉంచకండి. ఊరిలో మరొకరి దగ్గర తాళం వేసిన గదిలో పెట్టించండి. శ్రీలంక 1990లలో అత్యంత విషపూరితమైన పురుగుమందులను తొలగించిన తరువాత అక్కడ ఆత్మహత్యలు గణనీయంగా తగ్గాయి. చేతికందే దూరం పెరిగితే ఆ గడియ దాటిపోతుంది. ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆయన చేయనంటే మీరే చేయండి.